రెండు స్విచ్‌ల దీపం

డాబా మీద ఆరిన బట్టలు తీసుకుని పెద్దకోడలు సగం మెట్లు దిగిందో లేదో, మెట్ల దీపం టప్పున ఆరిపోయింది. అడుగు తప్పింది. ఆమె ఒకచోట, బట్టలు ఒకచోట పడ్డాయి.

మడమ బెణికింది గానీ నోరు బెణకలేదు. కుంటుకుంటూ కింది వాటాకి వెళ్ళి తలుపు బాదింది. తోడికోడలు బయటికి వచ్చి, తలుపు వెనక్కి లాగేసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నా నడుం విరిగితే గానీ నీ కళ్ళు చల్లబడవా?"

"నేను స్విచ్ ముట్టుకోలేదక్కా."

"పైన నేను వేసిన దీపం కింద నువ్వు కాక ఇంకెవరు ఆర్పుతారు? దయ్యమా?"

చిన్నకోడలు తల వంచుకుంది. తప్పు చేసినవాళ్ళే అలా తల వంచుకుంటారని పెద్దకోడలి నమ్మకం. వీధి వీధంతా వినేలా ఇంకాసేపు కడిగి పారేసి గానీ పైకి రాలేదు. ఒకే ఇంట్లో ఉంటున్నారన్న మాటే గానీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అన్నదమ్ములు కూడా మాట్లాడుకోవడానికి వీల్లేదని పెద్దకోడలు ఎప్పుడో తేల్చి చెప్పింది. తన భర్త ఆ గీత దాటడని నలుగురిలోనూ గొప్పగా చెప్పుకుంటుంది.

సాయంత్రం నడకకు వెళ్ళిన ఆ భర్త తిరిగి రాగానే జరిగిందంతా ఏకరువు పెట్టింది. ఆయన ఆమె మడమకు మందు రాస్తూ, లూజ్ కాంటాక్టేమోనన్నాడు.

"రోజూ నేను డాబా ఎక్కినప్పుడే లూజవుతుందా?" అని ఆమె కాలు లాగేసుకుంది.

మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్ళగానే ఎలక్ట్రీషియన్ని పిలిపించింది. భర్తకు చెబితే తమ్ముడి పక్షాన ఏదో ఒకటి గొణుగుతాడని చెప్పలేదు.

ఎలక్ట్రీషియన్ రెండు స్విచ్‌లూ విప్పి చూశాడు. లూజ్ కాంటాక్టయితే దీపం మిణుకుమిణుకుమంటుందనీ, స్విచ్ వేడెక్కుతుందనీ, ఇక్కడ అలాంటిదేమీ లేదనీ అన్నాడు.

"మరి?"

"ఎవరో ఆర్పుతున్నారమ్మా. కరెంటు వెళ్ళిన దారి తెగకుండా చుట్టూ తిరిగి వస్తేనే దీపం వెలుగుతుంది. ఈ దారిని పైనుంచైనా తెంపొచ్చు, కిందనుంచైనా తెంపొచ్చు. అలా కలిపారు."

"కింది స్విచ్ తీసి పారెయ్. దారి నా చేతిలోనే ఉండాలి."

ఆ మాటకి చిన్నకోడలు పరుగెత్తుకొచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ స్విచ్ అలాగే ఉండనీ. కావాలంటే నేనే ఆర్పానని ఒప్పుకుంటాను."

"చూశావా, దొంగ దొరికింది!" అంది పెద్దకోడలు ఎలక్ట్రీషియన్‌తో. కింది స్విచ్ వైర్లను దగ్గరుండి తీయించి, కలపాల్సినవి కలిపించి, టేపు చుట్టించింది. తర్వాత తోడికోడలి వైపు తిరిగింది. "ఇంత చేశాక కూడా దీపం ఆరిందో, ఆయన చేత మా పై వాటా అమ్మించేస్తాను. అన్నదమ్ములు ఈ జన్మలో ఒకరి ముఖం ఒకరు చూడరు."

చిన్నకోడలు లోపలికి వెళ్ళిపోయింది. పెద్దకోడలికి కడుపు నిండిపోయింది.

సాయంత్రం భర్త ఇంటికి వచ్చాడు. బట్టలు తేవడానికి డాబా మీదికి వెళుతున్నానని ఆయనకు వినబడేలా చెప్పి, ఆమె మెట్ల దీపం వేసింది. కానీ పైకి ఎక్కలేదు. తన ఓటమిని తోడికోడలు ఎలా మింగుతుందో కళ్ళారా చూడాలని, చెప్పులు విప్పేసి చప్పుడు కాకుండా దిగి మెట్ల కింద నక్కింది.

కాసేపటికి దీపం ఆరిపోయింది.

పెద్దకోడలు అగ్గిమీద గుగ్గిలమైంది. అంటే ఆ మహాతల్లి ఎలక్ట్రీషియన్ని మళ్ళీ పిలిచి వైర్లు కలిపించుకుందన్నమాట! ఇక మాటల్లేవు. వాటా అమ్మాల్సిందే, రేపే అమ్మాల్సిందే. చీకట్లో గోడ తడుముకుంటూ కింది వాటా గుమ్మం ఎక్కి, తలుపు బాదడానికి చెయ్యెత్తింది.

చెయ్యి తగలకుండానే తలుపు కొద్దిగా తెరుచుకుంది. లోపలి చీకట్లోంచి చిన్నకోడలి గొంతు గుసగుసగా వినబడింది.

"పొద్దున్నుంచీ ఫోన్ చేస్తుంటే ఎత్తరేం బావగారూ? కింది స్విచ్ తీయించేసింది అక్క, ఇకనుంచి మీరు పైన దీపం ఆర్పితే మీరే దొరికిపోతారు... త్వరగా లోపలికి రండి, మీ తమ్ముడు చదరంగం పరుచుకుని కూర్చున్నారు."