అరవై దాటని కారు

"మూడోసారయ్యా ఇది! నువ్వు మెకానిక్కువేనా అసలు?"

కారాయన అరుపుకి షెడ్డులో స్పానర్ల చప్పుడు ఆగిపోయింది. తల్లికి కళ్లు చూపించి తీసుకొస్తుంటే పెద్దరోడ్డు మీద బండి దగ్గి, కుదిపి, నల్లపొగ కక్కిందట. అడ్డమైన బండ్లూ దాటుకుపోయాయట. ఆయన పరువు గంగలో కలిసింది.

తల్లీ, భార్యా గోడవార బల్ల మీద కూర్చున్నారు. కళ్లలో చుక్కల మందు వేశారు గనక పెద్దావిడ శాలువా కప్పుకుని కళ్లు మూసుకునే ఉంది.

"ప్లగ్గులు కొత్తవి వేశాను సార్. పెట్రోలు ఫిల్టరు మార్చాను. నెమ్మదిగా పోతే ఏ గొడవా లేదు కదా?" అన్నాడు మెకానిక్ తల గోక్కుంటూ.

"నెమ్మదిగా పోయే భాగ్యానికి కారెందుకు, నడిచే పోతాను! మొదట్లో ఎనభై దాటితే దగ్గేది. పోయిన వారం నుంచి అరవైకే మొదలెడుతోంది. రేపు పిల్లల్నేసుకుని ఊరెళ్లాలి. దారిలో మా బావ కారు దాటి చూపిస్తానని పందెం కాశాను. మొహం ఎక్కడ పెట్టుకోను?"

పిల్లల మాట వినగానే భార్య మొహం వాడిపోయింది.

అంతలో ఫోను మోగింది. బావే. కారాయన గొంతు తగ్గించి రోడ్డు మీదికి నడిచాడు.

మెకానిక్‌కి కడుపు మండిపోతోంది. ఇన్నిసార్లు విప్పి బిగించినా మొరాయిస్తే పోయేది తన పేరే. పెట్రోలు సరే, నిప్పురవ్వ సరే. ఇక మిగిలింది గాలి. గాలి ఫిల్టరు డబ్బా మూత తీశాడు. ఎక్కడా దుమ్ము కణం లేదు.

"ఇది ఎవరు దులుపుతారమ్మా?"

"నేనే. ఆయనే నేర్పారు," అంది భార్య నేల చూపులు చూస్తూ.

డబ్బాలోకి గాలి తెచ్చే గొట్టంలో వేలు పెట్టాడు. మెత్తగా ఏదో తగిలింది. లాగుతూ ఉండగానే ఆవిడ పరుగున వచ్చింది.

"ఆయనకి చెప్పకన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను! ఆ గుడ్డ నేనే కుక్కాను. బండెక్కితే ఆయన మనిషి కాదు. పిల్లలు భయంతో నిద్రపోయినట్టు నటిస్తారు. చెప్పి చూశాను, ఏడ్చి చూశాను, ఏమీ లాభం లేకపోయింది."

మెకానిక్ కోపం ఎటు పోయిందో పోయింది. దాని చోట భయం పట్టుకుంది.

"లారీని దాటేటప్పుడు ఇది ఇలాగే దగ్గి ఆగితే? అందరూ దానికిందే కదమ్మా!"

ఆ సంగతి ఆమెకి తట్టనే లేదు. అతని చేతిలోని గుడ్డ అందుకుని చూసి, ఉలిక్కిపడింది.

"ఇది నాది కాదు. నేను పెట్టింది పూల దిండు గలీబు ముక్క!"

బూడిదరంగు ఉన్నిముక్క అది. మెకానిక్ మళ్లీ గొట్టంలోకి వేలు పోనిచ్చాడు. ఇంకా లోపలి నుంచి పూల ముక్క బయటికొచ్చింది.

ఇద్దరూ ఒక్కసారే బల్ల వైపు తిరిగారు. పెద్దావిడ కప్పుకున్న బూడిదరంగు శాలువాకి ఒక మూల లేదు.

"నువ్వు పెట్టాక కూడా వాడు ఎనభైకి పోయేవాడు కదే అమ్మాయ్," అంది అత్తగారు కళ్లు తెరవకుండానే, "నీ ఒక్కదానిదీ చాలక నేనూ ఒకటి కుక్కాను."