బిట్టె సారు

శనివారం క్లాసు కాగానే బోర్డు పీకేసి మదనపల్లె నుంచి జారుకోవాలని దామోదర్ నిశ్చయించుకున్నాడు. కుప్పంలో ఇంకో పేరుతో కొత్త బోర్డు అప్పటికే సిద్ధంగా ఉంది.

జర్మనీలో ఉద్యోగం కావాలంటే జర్మన్ రావాలి. అందుకే చుట్టుపక్కల నర్సులు నగలు కుదువపెట్టి మరీ అతని దగ్గర చేరారు. చిక్కల్లా ఒక్కటే. దామోదర్‌కు వచ్చిన జర్మన్ మాట ఒకే ఒక్కటి, ‘బిట్టె’.

అదృష్టం కొద్దీ అది దేనికైనా పనికొచ్చే మాట. అడుగుతూ అంటే ‘దయచేసి’. చేతికిస్తూ అంటే ‘తీసుకోండి’. థాంక్స్ చెప్పినవాళ్లతో అంటే ‘పర్వాలేదు’. సాగదీస్తే ‘ఏమన్నారు?’. దారి చూపిస్తూ అంటే ‘మీరు పదండి’. ఆ ఒక్క మాటతోనే నెలంతా నెట్టుకొచ్చాడు.

“ఇంకో మాట ఎప్పుడు నేర్పిస్తారు సార్?” అని పుంగనూరు నుంచి వచ్చే మునిలక్ష్మి అడిగినప్పుడల్లా, “పునాది గట్టిగా ఉండాలమ్మా” అనేవాడు.

ఆ శనివారం మునిలక్ష్మి ఒకామెను వెంటబెట్టుకొచ్చింది.

“మా కమలాక్షక్క సార్. జర్మనీలో పని చేసి వచ్చుండాది. మీతో ఆ భాషలో మాట్లాడాలంట.”

దామోదర్ గుమ్మం వైపు చూశాడు. పారిపోదామంటే ఆమె వాకిట్లోనే నిలబడి ఉంది.

కమలాక్షి నవ్వుతూ గబగబా ఏదో అడిగింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టి, “బిట్టే?” అని సాగదీశాడు.

ఆమె మళ్లీ అదే అడిగింది. పొగుడుతోందనుకుని గుండెల మీద చెయ్యి వేసుకుని, వినయంగా తల వంచి “బిట్టె” అన్నాడు.

ఆమె ఇంకేదో అడిగి మెట్ల వైపు చూసింది. వెళ్తానంటోంది కాబోలని అతని ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులూ మెట్ల వైపు చాచి, “బిట్టె, బిట్టె” అన్నాడు.

“మీ సారుకు ఎంత మర్యాదో సూడండి” అంది కమలాక్షి. నర్సులంతా చప్పట్లు కొట్టారు.

గండం గడిచిందన్న సంబరంలో దామోదర్ ఆమెను సాగనంపడానికి మెట్లు దిగాడు. కింద జీపు పక్కన నిలబడ్డ కానిస్టేబులు కమలాక్షికి సెల్యూట్ కొట్టి, దామోదర్ చెయ్యి పట్టుకున్నాడు.

“యాల మేడం? నేనేం చేసినాను?” అన్నాడు దామోదర్.

“నేను జర్మనీ మొహమే సూడలేదప్పా, ఇందాక మాట్లాడింది మా మంగళూరు తుళు భాష. ‘ఈ ఆడపిల్లల్ని మోసం చేస్తాండేది నువ్వేనా’ అంటే గుండెల మీద చెయ్యి పెట్టుకుంటివి, ‘స్టేషన్‌కు పోదామా’ అంటే నువ్వే దారి చూపిస్తివి.”