కొండెక్కిన దీపం

చీకటి పడే వేళకి కొట్టాయన దగ్గర ఉన్న సరుకు ఇంతే: చేతిలో అగ్గిపెట్టె, జేబులో ఫోను, రేవు చివర గుంజకి వేలాడుతూ ఒక లాంతరు. పెట్టుబడి చిన్నదే గాని పూచీ పెద్దది. సముద్రం మీదికి వెళ్ళిన పడవలు తిరిగొచ్చేదాకా ఆ లాంతరు వెలుగుతూ ఉండాలి. అందులో ఒక పడవలో ఆయన భార్య ఉంది.

లాంతరు రెండుసార్లు రెపరెపలాడి ఊరుకుంది. కొట్టాయన దాన్ని కదిపి చూశాడు. చుక్క నూనె లేదు.

సొంతూళ్ళో ముప్పై ఏళ్ళు పచారీ కొట్టు నడిపిన మనిషి. ఇప్పుడు దేశంగాని దేశానికి, జీతం భత్యం లేని సేవకి వచ్చి, బడిపిల్లల వంటశాలలో సరుకులు చూసిపెడుతున్నాడు. గింజ గింజా చూసుకునేవాడు లాంతర్లో నూనె చూసుకోలేదు!

భార్య అదే బళ్ళో కుట్టుపని నేర్పుతోంది. ఆదివారం సెలవు కదా అని, ఆమే, సేవకి వచ్చిన మిగతావాళ్ళూ కలిసి తీరం వెంబడి గుహలూ పగడాలూ చూసొస్తామని పొద్దున్నే రెండు పడవల్లో బయలుదేరారు.

"మీరూ రండి" అందామె.

"నేల మీద ఒలికితే ఏరుకోవచ్చు. నీళ్ళ మీద ఒలికితే ఏం ఏరుకుంటాం? నేను రాను."

"సరే, సాయంత్రం రేవులో దీపమైనా పెట్టండి. ఇక్కడి కరెంటును నమ్మలేం."

కరెంటు ఆమె అన్నంత పనీ చేసింది. ఊరంతా చీకటి. భార్య ఫోను అందడం లేదు. కొట్టాయన రేవు మొదట్లో ఉన్న కాపలా గుడిసెకి పరుగెత్తాడు.

కాపలా తాత గాలాలు సర్దుకుంటున్నాడు. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. మధ్యలో దళారి ఫోనే. ఒక భాషలో చెబితే ఇంకో భాషలో పలుకుతుంది. కమీషన్ అడగని దళారి.

కొట్టాయన నోట అశుభం రాదు. కొట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనడు, నిండుకున్నాయంటాడు. పెళ్ళాం నీళ్ళ మీద ఉండగా దీపం ఆరిందన్న పాడుమాట అసలే అనడు.

"తాతా, దీపం కొండెక్కింది! రేవు దీపం కొండెక్కింది!" అన్నాడు ఫోనుతో.

ఫోను చెప్పింది. తాత కళ్ళు పెద్దవయ్యాయి. ఏదో అడిగాడు.

"ఎప్పుడు?" అంది ఫోను.

"ఇప్పుడే! నా కళ్ళ ముందే!"

తాత గాలాలు అక్కడే పారేసి, కేకలు పెడుతూ ఊళ్ళోకి పరుగెత్తాడు.

'ఆదుకునేవాడంటే ఇలా ఉండాలి. నూనె మాట ఇంకా ఎత్తనే లేదు, ఎంత పరుగో!' అని కొట్టాయన కాస్త కుదుటపడ్డాడు.

నూనె రాలేదు. అగ్గిపుల్లలు ఒక్కొక్కటే గాలికి పోయాయి. ఫోను వెలుతురు రేవు దాటలేదు. అప్పుడు ఊరి వెనక కొండ మీద ఒక లాంతరు కనిపించింది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే కొండంతా దీపాలే. పొద పొదకీ ఆగుతూ, వంగుతూ, పైపైకి పోతున్నాయి.

"నా కొంప మునుగుతుంటే వీళ్ళకి కొండ మీద షికారా!" అని కొట్టాయన తల బాదుకున్నాడు.

ఆయన తల ఇంకా చేతుల్లోనే ఉండగా ఇంజను చప్పుడు వినిపించింది. పడవ వచ్చి రేవుకి తగిలింది. ఒడినిండా గవ్వలతో భార్య దిగింది.

"ఎంత తెలివండీ మీది!"

"ఎవరిది?"

"మీదే! కొండ మీద దీపాలు పెట్టించారుగా! దారి తప్పి ఆ మలుపు అవతల రాళ్ళ మీదికి పోతున్నాం. అక్కణ్ణుంచి రేవు కనబడనే కనబడదు. ఇక్కడ మీరు వంద లాంతర్లు పెట్టినా దండగే. కొండ వెలగబట్టి సరంగు పడవ తిప్పాడు."

ఊరికే వచ్చిన సరుకును ఏ వ్యాపారి కాదంటాడు? కొట్టాయన గొంతు సవరించుకున్నాడు.

"మరేమనుకున్నావ్? వ్యాపారం చేసిన బుర్ర. ముందుచూపు ఉండొద్దూ!"

అంతలో తాత రొప్పుతూ వచ్చాడు. వెనకే లాంతర్లతో సగం ఊరు. అందరి మొహాలూ వేలాడుతున్నాయి. తాత చేతులు నలుపుకుంటూ ఏదో చెప్పాడు. ఫోను తెలుగులో పలికింది.

"అయ్యా, క్షమించండి. పొదలన్నీ గాలించాం. మీ దీపం కొండ మీద ఎక్కడా లేదు."

భార్య మొగుడి వంక చూసింది. తర్వాత గుంజకి నల్లగా వేలాడుతున్న లాంతరు వంక చూసింది. పెదవి కొసన నవ్వు ఆగడం లేదు.

"తాతతో ఏమన్నారండీ?"

"ఏమంటాను? ఉన్నమాటే అన్నాను. దీపం కొండెక్కిందీ అని!"

ఆపడం మరిచిన ఫోను ఆ మాటనీ గట్టిగా చెప్పేసింది. తాత ఉలిక్కిపడి కొండవైపు చెయ్యి చూపించాడు. అంతే, జనమంతా లాంతర్లెత్తి మళ్ళీ అటే పరుగు.

"ఆగండి! ఓయ్, ఆగండి!" అని కొట్టాయన వెంటపడబోతే భార్య చొక్కా పట్టి లాగింది.

"ఎందుకండీ ఆపడం? రెండో పడవ బాగా వెనకబడింది. అది వచ్చేదాకా వెతకనివ్వండి."

ఆ పూట లెక్క అలా తేలింది: కొండెక్కింది ఒక దీపం, ఒడ్డెక్కాయి రెండు పడవలు.