గంట దారి

"కాళ్లు ముందొస్తే ఏం చేస్తారమ్మా?"

జమ్మలమడుగు ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ ఆగి చూసింది. ఆ మనిషి పొద్దుటి నుంచి స్తంభం పక్కనే నిలబడి ఉన్నాడు. రెండుసార్లు లోపలికి రమ్మని పిలిచినా రాలేదు.

"ఎవరయ్యా నువ్వు?"

"ఇస్మాయిల్ అమ్మా. ప్రొద్దుటూరులో బట్టలు కుడతా. నా భార్య పేరు జైనబ్. తొలిచూలు. ఇంటికాడ కాన్పు మేలా, ఈడ మేలా అని కనుక్కుందామని వచ్చినా."

"ఎన్నో నెల?"

"తొమ్మిది నిండినాయమ్మా."

"నిండిన మనిషిని ఇంట్లో పెట్టి నువ్వొక్కడివే వచ్చావా?" డాక్టరమ్మ కసిరింది. "చూడందే నేనేం చెప్పను?"

ఇస్మాయిల్ తల వంచుకున్నాడు. కానీ కదల్లేదు. "కాళ్లు ముందొస్తే ఏం చేస్తారో అది చెప్పండమ్మా."

అతని ముఖం చూసి ఆమె మెత్తబడింది.

"నెల ముందే చూపించుకుంటే తెలిసిపోతుంది. పైనుంచి చేత్తోనే బిడ్డను తిప్పి చూస్తాం. తిరక్కపోతే ఆపరేషన్ చేసి తీస్తాం. వేళకు తీసుకొస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కుతారు. ఇలాంటివి నెలకు రెండు మూడు చూస్తూనే ఉంటాం. భయపడకు."

ధైర్యం చెప్పాననుకుంది. ఇస్మాయిల్ స్తంభాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"ప్రొద్దుటూరు నుంచి ఈడికి ఎంతసేపమ్మా?"

"బస్సులో గంట. నువ్వు వచ్చింది అందులోనే కదా?"

"గంటే" అన్నాడు ఇస్మాయిల్.

అది యాభై ఎనిమిదో సంవత్సరం. వాళ్ల వీధిలో ఆసుపత్రి కాన్పంటే కడుపు కోయించుకోవడమేనని హడలిపోయేవాళ్లు. పైగా ఇస్మాయిల్ తల్లి పీరాంబీ మంత్రసాని. నలభై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల పుట్టిన పిల్లల్లో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. బంగారు అంగళ్ల షావుకార్లు కూడా ఆమె కోసం జట్కా పంపేవాళ్లు.

జైనబ్‌కు పుట్టింట్లో తల్లి లేదు. కాబట్టి కాన్పు అత్తగారింట్లోనే. ఆసుపత్రికి పోదామని జైనబ్ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఇస్మాయిల్ తల్లి ముఖం చూసి ఊరుకున్నాడు. మంత్రసాని కోడలే ఆసుపత్రికి పోతే, ఇక మంత్రసానిని పిలిచేదెవరు?

ఇప్పుడు పీరాంబీయే కొడుకును పంపింది.

"పెద్దోళ్లను అడిగి రా నాయనా. యాడ మేలో ఉన్నదున్నట్టు చెప్పు. నా పద్ధతి తప్పంటే ఒప్పుకుంటా."

ఆ మాట అన్నప్పటి నుంచి ఆమె సరిగా తినడం లేదు. అరుగు దిగడం లేదు.

ఇంకొకరిని కూడా అడిగొచ్చి అంతా ఒకేసారి చెప్తానని తల్లితో అని, జమ్మలమడుగు నుంచి వచ్చిన మూడో నాడు ఇస్మాయిల్ పులివెందుల బస్సెక్కాడు. అక్కడ లక్ష్మీకాంతమ్మ అనే నర్సు, మద్రాసులో ఏదో కొత్త పద్ధతి నేర్చుకొని వచ్చి, గురువారాలు కడుపుతో ఉన్నవాళ్లకు నేర్పుతోందని ఎవరో చెప్పారు.

చాప మీద ఏడుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఇస్మాయిల్ గడప దగ్గరే ఆగిపోయాడు.

"రాప్పా, కూర్చో" అంది లక్ష్మీకాంతమ్మ. "మీ ఆడమనిషి రాలేదా? పోనీలే, నువ్వు నేర్చుకో. మగోళ్లను కూడా రమ్మని మొత్తుకుంటాండా, ఒక్కడూ రాడు."

నొప్పి వచ్చినప్పుడు ఒళ్లు బిగబట్టకూడదంది. ముక్కుతో నిదానంగా ఊపిరి తీసుకుని నోటితో వదలమంది.

"భయపడి శానా అరిస్తే?" అడిగాడు ఇస్మాయిల్.

"అరిచే కొద్దీ ఒళ్లు బిగుసుకుంటాది, నొప్పి ఎక్కువైతాది. పక్కన అయినవాళ్లు ఒకరు చేయి పట్టుకొని, ఇట్ల ఊపిరి తీసుకో అని చెప్తాండాల. మొగుడైతే ఇంకా మేలు."

"మొగుణ్ని లోపలికి రానీరు కదమ్మా."

"నీ ఇల్లే కదప్పా. తలుపు తోసుకొని పో. ఎవురు ఆపేది?"

ఇస్మాయిల్ గడప దాటి వచ్చి చాప అంచున కూర్చున్నాడు. అందరితో పాటు కళ్లు మూసుకుని ఊపిరి తీశాడు, వదిలాడు. నాలుగోసారికి వెక్కిళ్లు వచ్చాయి. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు.

"నొప్పులు ఆమెకా, నీకా?" అని లక్ష్మీకాంతమ్మ కూడా నవ్వింది.

తిరుగు బస్సులో అతను దారి పొడవునా ఒక్క మాటనే మార్చి మార్చి కూర్చుకున్నాడు. ఇల్లు చేరేసరికి పీరాంబీ అరుగు మీదే ఉంది. కొడుకును చూసి లేవబోయి, లేవలేక కూలబడింది.

"ఏమన్నారు నాయనా?"

"యాడైనా ఒకటేనంట."

"కాళ్లు ముందొస్తే?"

"వాళ్లూ ఏం చేయలేరంటమ్మా. యాడున్నా అంతేనంట."

"డాక్టరమ్మే చెప్పిందా?"

"ఆమే చెప్పింది. నీ పద్ధతిలో తప్పేం లేదనింది."

పీరాంబీ కొడుకు కళ్లలోకి చాలాసేపు చూసింది. ఇస్మాయిల్ చూపు తిప్పుకోలేదు. ఆమె అతని చేయి లాక్కుని తన కళ్లకు అద్దుకుంది.

"బయటోళ్ల కాన్పులకు మాత్రం ఇంగ పోవద్దులే" అన్నాడు. "వయసైపోయింది. ఎవురు పిలవనొచ్చినా జమ్మలమడుగుకు పొమ్మని చెప్పు."

ఆమె సరేనని తలూపింది.

ఆ సాయంత్రం పీరాంబీ తనంతట తానే అడిగి సంగటి పెట్టించుకుంది. ఇస్మాయిల్ ఎదురుగా కూర్చొని, ఆమె రెండు ముద్దలు మింగేదాకా చూసి, లేచి వాకిట్లోకి పోయి గోడకు మొహం ఆనించి నిలబడ్డాడు.

మర్నాటికి జైనబ్‌నూ బిడ్డనూ ఒకే గోరీలో పెట్టి నలభై దినాలు.