యాభై మూడో పేరు

గోడ గీకాలి. తెల్లరంగు రెండు పూతలు వెయ్యాలి. దారం పట్టి గీతలు కొట్టాలి. స్టోకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పుట్టినప్పటి నుంచీ ఆడినవాళ్లలో మేటి యాభై మూడు మంది పేర్లు నీలంరంగులో రాయాలి. శనివారం పొద్దున పదింటికి తెర తీసేలోగా నిచ్చెన తీసెయ్యాలి.

శుక్రవారం మధ్యాహ్నానికి పెయింటర్ యాభై రెండు పేర్లు పూర్తిచేసి నిచ్చెన కిందిమెట్టు మీద కూర్చున్నాడు. యాభై మూడోది ఇంకా తేలలేదు. పోర్ట్ ఆల్డన్ ఉక్కు కార్మికుల యూనియన్ హాల్లో, అతనికి పదడుగుల దూరంలో, కమిటీ వాళ్లు ముగ్గురూ దాని గురించే కొట్టుకుంటున్నారు.

మిగిలింది బంతిని వెనక్కి విసిరేవాడి చోటు. వంగి, కాళ్ల మధ్య నుంచి ఆ కోలబంతిని వెనకున్న తన్నేవాడి చేతికి పంపడమే అతని పని. సరిగ్గా పంపినన్నాళ్లూ ఎవరికీ కనపడడు. ఒక్కటి గురితప్పితే ఊరు ఊరంతా చచ్చేదాకా తలుచుకుంటుంది.

"లియో పావ్లిక్. పదకొండేళ్లు ఆడాడు. ఇంకా మాటలెందుకు?" బల్ల గుద్దాడు ఎమిల్. నలభై ఏళ్లు కొలిమి దగ్గర పనిచేసిన మనిషి.

"ఫైనల్లో తన్నేవాడి నెత్తి మీదుగా విసిరి కొంప ముంచింది కూడా ఆయనే," అంది వెర్నా. రిటైరైన టీచరు. జట్టు లెక్కలన్నీ ఆమె ఫైల్లో ఉంటాయి. "ఇదిగో, ఈయన్ని చూడు. మూడు ఆటలు, పంతొమ్మిది బంతులు. పంతొమ్మిదీ నేరుగా చేతుల్లోకే. ఇన్నేళ్లలో ఒక్క తప్పూ చెయ్యనివాడు ఈయనొక్కడే."

"ఆ మూడు ఆటలూ ఎప్పుడు ఆడాడో అది కూడా చదువు టీచరమ్మా! ముప్పై ఏడేళ్ల కిందట ఆటగాళ్లంతా సమ్మెలో ఉంటే దొడ్డిదారిన వచ్చి ఆడాడు. పావ్లిక్ గేటు బయట వానలో నినాదాల అట్ట పట్టుకుని నిలబడితే, వీడు లోపల పావ్లిక్ చొక్కా తొడుక్కున్నాడు. సమ్మె విరిచినవాడి పేరు యూనియన్ హాలు గోడ మీదా?"

"లెక్కలకి సమ్మెలు తెలీవు, ఎమిల్."

"నాకు తెలుసులే. మా సమ్మెలో ఏడు నెలలు క్యాబేజీ సూప్ తాగి బతికాం."

అధ్యక్షుడు రోలండ్ వాచీ చూసుకుని పెయింటర్ వైపు తిరిగాడు. "పెద్దాయనా, నువ్వు చెప్పు. ఈ ఆట ఎప్పుడైనా చూశావా?"

"చూశానండీ. తలకిందులుగా."

రోలండ్ పగలబడి నవ్వాడు. "తాగితే అందరం అలాగే చూస్తాం! ఇంతకీ నీ పేరేంటి?"

పెయింటర్ నోరు తెరిచేలోగా ఎమిల్ మళ్లీ బల్ల గుద్దాడు. "చేతులెత్తించు. తేల్చెయ్."

లెక్కల్లో తప్పులేని ఆ మూడు ఆటల మనిషికి వెర్నా చెయ్యెత్తింది. కాసేపు తటపటాయించి రోలండ్ కూడా ఎత్తాడు.

ఎమిల్ టోపీ పెట్టుకున్నాడు. "రేపు నేను లోపలికి రాను. గుమ్మం బయటే ఉంటా. బయట నిలబడటం నాకు కొత్త కాదు."

వెర్నా కూడా ఫైలు సర్దుకుని వెళ్లిపోయింది. రోలండ్ ఒక చీటీ మీద పేరు రాసి పెయింటర్ చేతికిచ్చాడు.

"సమ్మె అయ్యాక పావ్లిక్‌ని మళ్లీ ఎందుకు తీసుకోలేదండీ?" అడిగాడు పెయింటర్.

"ఆటగాళ్ల యూనియన్‌కి ముందు నిలబడింది ఆయనే కదా. పైగా ఆ పని ఎవడైనా చేస్తాడని యజమానులకి తెలిసిపోయింది. లారీలకి సరుకెత్తుతూ బతికాడు పాపం. పోయిన చలికాలం అద్దెగదిలో పోయాడు. నాలుగు రోజుల దాకా ఎవరూ చూసుకోలేదు."

పెయింటర్ కుంచె తుడుస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

"మరి ఈ చీటీలో ఉన్నాయన? ఆయన్ని అడిగారా?"

"ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? అసలు ఉన్నాడో లేదో. ఉంటే ఎగిరి గంతేస్తాడు! మూడు ఆదివారాల పనికి గోడ మీద పేరంటే మాటలా?" రోలండ్ కోటు తొడుక్కున్నాడు. "పనయ్యాక మూలన నీ పేరు కూడా రాసుకో పెద్దాయనా. మీ పెయింటర్లకి అలవాటేగా."

హాలు ఖాళీ అయింది. పెయింటర్ చీటీ విప్పాడు. డి. యోస్ట్. ముప్పై ఏడేళ్లలో ఆ పేరు కోసం ఈ ఊళ్లో ఎవరైనా చెయ్యెత్తడం ఇదే మొదటిసారి. చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. రంగు డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాడు. తర్వాత గోడ ముందు వంగి మొదటి అక్షరం దిద్దాడు.

శనివారం పదింటికి తెర తీశారు. చిట్టచివరి వరసలో 'లియో పావ్లిక్' అని ఉంది.

అది ఎవరో పైకి చదవగానే, గుమ్మం బయట ఉన్న ఎమిల్ గబగబా లోపలికొచ్చి, టోపీ తీసి, ఆ వరస ముందు అలాగే నిలబడిపోయాడు. రోలండే మనసు మార్చుకున్నాడని వెర్నా అనుకుంది. వెర్నాయే మార్చుకుందని రోలండ్ అనుకున్నాడు. ఒకర్నొకరు అడగడానికి ఇద్దరికీ మొహమాటం అడ్డొచ్చింది. పెయింటర్ సంగతి ఎవరికీ తట్టలేదు. అప్పటికే అతను నిచ్చెన వ్యానుకి కట్టుకుని వెళ్లిపోయాడు.

మీరెప్పుడైనా పోర్ట్ ఆల్డన్ వెళ్తే ఆ హాల్లోకి ఒకసారి తొంగిచూడండి. యాభై మూడు పేర్లూ చదివాక, కొంచెం వంగి, గోడకి కుడివైపు కిందిమూల చూడండి. రంగు వేసినవాడి పేరు చిటికెనవేలి గోరంత అక్షరాల్లో ఉంటుంది. దాన్ని కూడా గుర్తుపెట్టుకోండి: డి. యోస్ట్.