గేటు దగ్గరికొచ్చిన ఆవిడ

పని ముగించుకుని ఫ్యాక్టరీ గేటు దాటుతుంటే ఎవరో కొత్త మనిషి ఆమెకు ఎదురొచ్చింది.

ఆమెది బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని. భర్త లారీ డ్రైవరు. కడుపులో బిడ్డకు అయిదో నెల.

వచ్చినావిడ ఆమెను పక్కకు పిలిచి, తాను ఆసుపత్రి నుంచి వచ్చానని చెప్పింది.

"మీరూ మీ ఆయనా రక్తపరీక్ష చేయించుకోండమ్మా. ఈ జబ్బు పైకి కనపడదు. సూదిమందుతో పోతుంది. కానీ ఇద్దరూ వేయించుకోవాలి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది. నయమయ్యేదాకా దూరంగా ఉండండి."

ఏం జబ్బని అడిగితే సుఖవ్యాధి అంది. నీకెవరు చెప్పారంటే మాత్రం మాట మార్చింది.

ఇంతలో, అందరూ వార్తలక్క అని పిలిచే తోటి పనామె దగ్గరికొచ్చింది. ఫ్యాక్టరీలో ఎవరింట్లో ఏ కుండ మాడినా ముందు అక్క ముక్కుకే తెలుస్తుంది. ఆసుపత్రివాళ్లు గేటు దగ్గర కాపు కాస్తారా, మెడలో కార్డేదీ అని మెల్లగా ఆమె చెవిలో ఊదింది.

ఆమెకు ఒళ్లు మండింది. మా ఆయన నీకెలా తెలుసని నిలదీసింది.

ఆవిడ తడబడింది.

"కాపురాలు కూల్చే మొహమూ నువ్వూ. ఇంకోసారి కనబడితే నలుగుర్నీ పిలుస్తా" అని ఆమె తిట్టిపోసింది.

ఆవిడ ఎత్తుగా కనిపిస్తున్న ఆమె పొట్ట వంక చూసి, "పోనీ, బిడ్డ కోసమైనా చేయించుకోండి" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆమె భర్తను అడిగింది. అతను నవ్వి కొట్టిపారేశాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. అయినా మళ్లీ అడగలేదు. నిజమైతే ఏం చేయాలో తెలియక, ఆసుపత్రి గడపా తొక్కలేదు.

ఏడో నెలలో ఆసుపత్రికి వెళ్లక తప్పలేదు. రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ తలుపు దగ్గరకు వేయించి, సిఫిలిస్ అనే సుఖవ్యాధని చెప్పింది. భర్తను పిలిపించి చూస్తే అతనికీ ఉంది.

మందుతో ఇద్దరికీ నయమవుతుందట. బిడ్డ సంగతి పుట్టాక గానీ తేలదట. రెండు నెలల ముందొస్తే ఇంత భయం ఉండేది కాదంది డాక్టరమ్మ.

సూది వేయించుకుంటూ ఆమె ఏడ్చింది. మీ మనిషి వెతుక్కుంటూ వచ్చి చెబితే నోటికొచ్చినట్టు తిట్టానని, ఒకసారి పిలిస్తే కాళ్లు పట్టుకుంటానని నర్సును బతిమాలింది.

నర్సుకు అర్థం కాలేదు. "మా వాళ్లెవరూ ఫ్యాక్టరీలకు రారమ్మా."

ఇంటికొచ్చి భర్తకు అంతా చెప్పింది. ఆవిడ ఎలా ఉంటుందో కూడా చెప్పింది.



"ఇక దొరకదు. ఊరొదిలి వెళ్లిపోయింది," అన్నాడు అతను, తల ఎత్తకుండానే.

నీకెలా తెలుసని ఆమె అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది.

"తనకు జబ్బుందని తేలిన రోజే, ఇంట్లో చెప్పమని నన్ను బతిమాలింది," అన్నాడు అతను. "నేను వెళ్లేది ఆవిడ దగ్గరికే. నేను నీకు చెప్పనని తేలిపోయాక, తనే వచ్చి చెప్పింది."