బెంచీ మీది మనిషి

"కాస్త లేస్తారా? ఆ బెంచీ తీసేయాలి."

తెరమీద, బెంచీ మీద కూర్చున్న బొమ్మ లేచి నిలబడింది. గోధుమరంగు కోటు, నెత్తిన టోపీ. మొహం మాత్రం ఈ ఆన్‌లైన్ లోకాన్ని నడిపే కంపెనీవాళ్ళు కొత్తగా చేరినవాళ్ళందరికీ ఊరికే ఇచ్చేదే. దాన్ని మార్చుకునే ఓపిక కూడా లేని మనిషన్నమాట.

"మరెక్కడ కూర్చోమంటారు ప్రెసిడెంటుగారూ?"

ప్రెసిడెంటుగారికి ఒళ్ళు మండింది.

పగలంతా ఆమె కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. అక్కడ యజమాని ఎంత చెబితే అంత. సాయంత్రం ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుందంటే మాత్రం ఆమె మాటకు తిరుగులేదు. ఆ ఆన్‌లైన్ లోకంలో ఖాళీ నేల తీసుకుని, వీధులు వేసి, కాలువ తవ్వి, వంతెన కట్టి, ఒక ఊరిని నిలబెట్టింది ఆమే.

"మీ ఊరి పనులయ్యాక మన వంటింటి కుళాయి సంగతి చూస్తారా, కారుతోంది?" అని భర్త ఆటపట్టించేవాడు.

"అర్జీ పెట్టుకోండి, పరిశీలిస్తాం" అనేది, తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

ఎక్కడెక్కడి వాళ్ళో సాయంత్రమయ్యేసరికి ఆ ఊరు చేరుకునేవారు. ఒకాయన ఇళ్ళకు రంగులు వేసేవాడు. ఒకావిడ తోట చూసేది. నర్సమ్మ ఆసుపత్రి డ్యూటీ దిగగానే వచ్చేది. మంచం దిగలేని ఆమె తండ్రి కూడా తన గదిలోంచే అక్కడికి వచ్చేవాడు. తండ్రీ కూతుళ్ళ బొమ్మలు కబుర్లాడుకుంటూ కాలువ గట్టున నడిచేవి.

బెంచీ మీది మనిషి ఒక్కడే ఏ పనీ చేయడు. వస్తాడు, కూర్చుంటాడు, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తాడు, పోతాడు.

ఈ ఏడు ఉత్తమ పట్నం పోటీలో గెలిచి తీరాలని ప్రెసిడెంటుగారి పట్టుదల.

"ఇంతకీ మీకేం పనొచ్చు?" అని నిలదీసింది.

"కూర్చోవడం వచ్చండీ."

చుట్టూ ఉన్నవాళ్ళు ఫక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మొక్కలకు నీళ్ళైనా పోయొచ్చుగా?"

"పోసేవాళ్ళున్నారు కదండీ."

"మరి మీరెందుకు మా ఊరికి?"

"ఊరన్నాక ఒక మనిషి ఎక్కువున్నా మంచిదే కదండీ."

నర్సమ్మ అడ్డొచ్చింది. "ఉండనివ్వండక్కా. నేను రాలేని రోజు నాన్నతో నడిచేది ఆయనే."

"మీ నాన్నగారికి తోడు నేను చూస్తాలే. పోటీకొచ్చేవాళ్ళు ఈ కాలక్షేపం మనిషిని చూస్తే మన పరువేం కాను?"

తను చేసేది సరైన పనేనని ఆమెకు ఏ కోశానా అనుమానం లేదు.

"మీ పేరు తీసేస్తున్నా. ఏమీ అనుకోకండి."

అతను టోపీ తీశాడు.

"ఇంకెవరైనా చేరేదాకా ఉండనిస్తే బాగుండేది."

"మా ఊరికి మనుషులు కరువయ్యారా ఏంటి?"

"ఊరు చాలా బాగా కట్టారండీ" అన్నాడు అతను.

ఆమె మీట నొక్కింది. గోధుమరంగు కోటు మాయమైంది. బెంచీ ఉన్నచోట పూలకుండీలు వెలిశాయి. భర్తను పిలిచి మరీ చూపించి మురిసిపోయింది.

వారం తిరక్కుండానే కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. ఉండవలసినంతమంది లేరు గనక ఈ నెలాఖరుకు ఊరు మూసేస్తారట.

"అక్కా, నాన్నకి ఏమని చెప్పను?" అంది నర్సమ్మ.

"ఏమీ చెప్పకు. ఊరు కట్టినదాన్ని, నిలబెట్టుకోలేనా?"

మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి కంపెనీకి ఫోన్ చేసింది. ఒకమ్మాయి పలికింది.

"ఎంతమంది తగ్గారండీ?"

"ఒక్కరేనమ్మా."

ప్రెసిడెంటుగారికి ప్రాణం లేచొచ్చింది.

"ఓస్, ఇంతేనా! మావారు ఇక్కడే ఉన్నారు, చేర్చేసుకోండి."

టీ తాగుతున్న భర్తకు పొలమారింది.

"నోటీసు వెళ్ళాక కొత్తవాళ్ళు చేరడానికి లేదమ్మా. పాతవాళ్ళెవరైనా తిరిగొస్తే సరే."

"అయితే మరీ మంచిది! పోయినవారం ఒకాయన్ని నేనే పంపించేశాను. తప్పయిందని అడుగుతాను. బెంచీ మళ్ళీ వేస్తానంటే పరిగెత్తుకొస్తాడు."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"ఆయన రాలేరమ్మా."

"ఎందుకు రారు? నంబరివ్వండి, నేనే బతిమాలుకుంటాను."

"ఉద్యోగం పోయాక ఆయనకి ఇందులోకి అడుగుపెట్టే వీల్లేదమ్మా."

"ఉద్యోగమా? ఆయనకేం ఉద్యోగం?"

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"మనుషులు చాలని మీ ఊరిని మూసి రమ్మని ఆయన్నే పంపామమ్మా, వచ్చినాయన మూయడానికి చేతులు రాక తన పేరే మీ ఊళ్ళో కలుపుకున్నారని, మీరు ఆ పేరు తీసేసిన రోజే మాకు తెలిసింది."